కోపం లేకుండా తిరిగొచ్చిన మనిషి

మా నాయన ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు మా అమ్మ ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబడింది. నాయన జీపు దిగి మెల్లగా నడిచి వచ్చాడు. గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఎడమ చెవి పైన కుట్ల గీత. అమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పళ్లెం నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. దిష్టి నేనే తీశాను.

1996 కార్తీకమాసం అది. మాది కురబలకోట పక్కన పల్లె. నాయన పేరు గంగులప్ప, అమ్మ మునిలక్ష్మమ్మ. ఆరెకరాల మెట్ట, ఒక బోరు, కొన్ని గొర్రెలు. నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని, రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. అంతకు రెండు నెలల ముందు నాయన టమోటా గంపలు మార్కెట్లో దించి తిరిగి వస్తుంటే, అంగళ్లు అనే ఊరు దాటాక రోడ్డు కింది మోరీ దగ్గర ట్రాక్టరు బోల్తా పడింది. తల రాయికి తగిలింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి తలలో గడ్డకట్టిన రక్తం తీశారు. యాభై రోజులు అక్కడే ఉన్నాడు. నేనూ మా చిన్నాయనా మార్చి మార్చి కాపలా ఉన్నాం. పైరు కోతకు వచ్చింది కాబట్టి అమ్మ ఇల్లు కదల్లేదు. స్పృహ లేకుండా పోయిన మనిషిని ఆమె మళ్లీ చూసింది ఆ వాకిట్లోనే.

మా నాయన ఎలాంటివాడో చెప్పాలి. ఆయన బోరు దగ్గర అరిస్తే ఊళ్లో వినిపించేది. కూరలో ఉప్పు తక్కువైతే అన్నం తట్ట గోడకు తగిలేది. అమ్మను కొట్టేవాడు. నన్నూ కొట్టాడు, పదో తరగతి దాకా. అమ్మను పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. "ఏమే" అనో, ఇంకా కోపమొస్తే మరో మాటో. అలాంటివాడు ఇంటికి వచ్చిన రెండో రోజు, "మునిలక్ష్మీ, రవంత నీళ్లిస్తావా" అన్నాడు. తిన్న తట్ట తానే కడిగి బోర్లించాడు. గొర్రెపిల్ల మందులసంచి నమిలేస్తే, దాన్ని ఒళ్లో పెట్టుకుని నోట్లోంచి కాగితం మెల్లగా లాగాడు. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి చూసి, మునిలక్ష్మమ్మది ఎంత అదృష్టమో, దేవుడు మొగుడి ప్రాణమూ ఇచ్చాడు, గుణమూ ఇచ్చాడు అని చెప్పుకున్నారు.

మూడో రోజు పొద్దున నేను బడికి తయారవుతుంటే అమ్మ దగ్గరికి వచ్చింది. పాలు విరిగాయని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఈయప్ప మీ నాయన కాదు పాపా."

ఆపరేషన్ తర్వాత మనుషులు మారతారని, డాక్టరు కూడా అదే చెప్పాడని నేను నచ్చజెప్పాను. ఆమె విన్నది. కానీ ఆ రోజు నుంచి ఆయన ఉన్న గదిలో పడుకోలేదు. సంగటి పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడేది. నాతో మాట్లాడేటప్పుడు "మీ నాయన" అనడం మానేసి "ఆయప్ప" అనేది. ఒక్కోసారి ఆయనను పరీక్షించేది. మొదట కొన్న ఎద్దుల పేర్లేమిటి, బోరు వేయించిన ఏడు ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, నేను పుట్టినప్పుడు మంత్రసాని ఎవరు. అన్నీ సరిగ్గా చెప్పేవాడు. అయితే గొడవలు మాత్రం ఒక్కటీ గుర్తులేవు. ఎవరితో తగాదా పడ్డాడో, ఎవరిని కొట్టాడో, ఎందుకు కొట్టాడో అడిగితే తెల్లబోయి చూసేవాడు.

"అన్నీ నేర్పించి పంపినారు. అవొక్కటీ నేర్పించేది మరిసినారు" అంది అమ్మ నాతో.

ఎవరు పంపారని అడిగితే అప్పుడు ఆ సినిమా సంగతి చెప్పింది. అమ్మ పుట్టిల్లు పుంగనూరు. 1962లో, ఆమెకు పన్నెండేళ్లప్పుడు, సదుం దారిలో ఒక టెంటు సినిమా ఉండేదట. వాళ్ల జేజితో, అంటే నాయనమ్మతో కలిసి ఒక ఇంగ్లీషు సినిమాకు పోయింది. నలుపూ తెలుపూ బొమ్మ. తెల్లవాళ్ల ఊరు, జొన్నచేను లాంటి చేను. ఆకాశం నుంచి మూకుడు బోర్లించినట్టున్న యంత్రం చేలో దిగింది. ఆ చేను రైతు దాన్ని చూడటానికి పోయాడు. తెల్లటి వెలుతురు వచ్చి ఆయన మీద పడింది. మర్నాడు ఇంటికి తిరిగి వచ్చాడు. భార్య తలుపు తీసి ఆయన ముఖం చూసింది. ఇంగ్లీషు ఎవరికీ రాదు కాబట్టి తెర పక్కన ఒకతను మైకు పట్టుకుని కథంతా తెలుగులో చెప్పేవాడట. అతను చెప్పింది అమ్మకు ముప్పై నాలుగేళ్ల తర్వాత కూడా ఒక్క మాట పోకుండా గుర్తుంది.

"సూడండమ్మా, పోయినోడు వేరే, వచ్చినోడు వేరే. ఎట్ల కనుక్కొనేదంటారా? పోయినోడికి కోపముండె. వచ్చినోడికి కోపం రాదు. అరవడు, తిట్టడు, మెత్తగా మాట్లాడతాడు. అట్లాంటోడు మీ ఇంటికొస్తే వాడు మీ వాడు కాదు. మీ వాడు ఆ యంత్రంలోనే ఉండాడు."

ఆ సినిమా చూశాక నెల రోజులపాటు, వాళ్ల నాయన పొలం నుంచి వచ్చి ఎవరినో ఒకరిని తిట్టేదాకా అమ్మ ఆయన దగ్గరికి పోయేది కాదట.

నేను సైన్సు చెప్పేదాన్ని. అమ్మను బెంగళూరు తీసుకెళ్లి ఒక మానసిక వైద్యుడికి చూపించాను. అలాంటి జబ్బు ఒకటి ఉందని, మనుషులకు తమవాళ్లు పరాయివాళ్లుగా కనిపిస్తారని చెప్పి మాత్రలు ఇచ్చాడు. మాత్రలు వేసుకుని అమ్మ పగలంతా నిద్రపోయేది, లేచాక మళ్లీ అదే మాట అనేది. గంగమ్మ గుడిలో తాయెత్తు కట్టించాం. అదీ పని చేయలేదు.

ఇంకో సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు ఈ నాయనే నచ్చాడు. సాయంత్రం బస్సు దిగి వస్తుంటే ఇంట్లో ఏ గొడవ జరుగుతోందోనన్న భయం లేకుండా నడవడం నా జీవితంలో అదే మొదటిసారి. బడిలో ఏమి చెప్పావు పాపా అని అడిగేవాడు. అమ్మ ఎవరి కోసం దిగులు పడుతోందో ఆ మనిషి తిరిగి రాకపోతే బాగుండునని లోపల్లోపల అనుకునేదాన్ని. అనుకున్నాక అమ్మ ముఖం చూడలేకపోయేదాన్ని.

మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ కనిపించలేదు. చేలో లేదు, గొర్రెల దగ్గర లేదు. చివరకు అంగళ్లు వైపు నుంచి సైకిలు మీద వచ్చిన ఒకాయన చెప్తే పరుగున పోయాను. ట్రాక్టరు బోల్తా పడిన మోరీ గట్టు మీద అమ్మ నిలబడి ఉంది. రోడ్డుకు వీపు పెట్టి, కింద ఎండిపోయిన వంకలోకి చూస్తూ పిలుస్తోంది.

"గంగులప్పా. ఓ గంగులప్పా."

మా అమ్మ నోట నాయన పేరు నేను ఏనాడూ వినలేదు. జనాభా లెక్కలవాళ్లు వచ్చి అడిగినా నన్ను ముందుకు తోసి చెప్పించేది. గొంతు పెద్దది చేయకుండా, పక్క చేలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు పిలుస్తోంది. పిలిచి, కాసేపు ఆగి, చెవి పెట్టి వింటోంది. నేను వెళ్లి చేయి పట్టుకున్నాను. "అరుస్తాడేమోనని సూస్తాండా పాపా, ఒక్కసారి అరిసినా చాలు" అంది అమ్మ.

ఆ సినిమా ఏమిటో తెలుసుకోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. మదనపల్లెలో మా బడి వీధి చివర ఆంజనేయులు అని ఒక పెద్దాయన ఉండేవాడు. కాలేజీ గ్రంథాలయంలో పని చేసి రిటైరయ్యాడు. ఆయన ఇంట్లో రెండు బీరువాల నిండా పాత ఇంగ్లీషు పుస్తకాలు, అన్నీ ముప్పై నలభై ఏళ్ల కిందటివి. అట్టల మీద వెండి రాకెట్లు, ఎర్రటి ఆకాశాలు, మూడు కళ్ల మనుషులు. పేజీలు ముట్టుకుంటే పొడి రాలేది. గ్రహాంతర యానాలు, ఎగిరే పళ్లేలు, గదంత చీమలు: ఆ తరహా సినిమాలు టెంటుకు వస్తే ఒక్కటి కూడా వదల్లేదని చెప్పాడు.

అమ్మ చూసిన సినిమా సంగతి చెప్పగానే గుర్తుపట్టాడు. కుర్రతనంలో దాన్ని పుంగనూరు టెంటులోనే నాలుగుసార్లు చూశాడట. అయితే ఆ సినిమాలో మనిషి మారడం అనేదే లేదన్నాడు. తర్వాత ఒక పత్రికలో దాని కథ చదివాడట. వెలుతురు తగిలి ఆ రైతుకు జబ్బు చేస్తుంది, మాట పడిపోతుంది, భార్య సేవ చేస్తుంది, చివరకు కోలుకుంటాడు. అంతే. మద్రాసు, బెంగళూరు అన్నీ తిరిగి అరిగిపోయి ఇక్కడికి వచ్చిన ఆ ప్రింటులో మూడో రీలు లేదు. జబ్బు, సేవ అంతా ఆ రీలులోనే ఉంది. ఆ ఖాళీని మైకులో చెప్పేవాడు సొంతంగా పూడ్చుకున్నాడు. అతని పేరు మునిరత్నం. ఇప్పుడు కుప్పంలో మైకుసెట్లు అద్దెకిస్తున్నాడు.

మనిషి మారిపోయే కథలు మాత్రం ఆ రోజుల్లో చాలా వచ్చాయని ఆంజనేయులు చెప్పాడు. అణుబాంబు భయం, పక్కింటివాడు శత్రువుల మనిషేమోనన్న భయం ఉన్న కాలంలో అమెరికావాళ్లు ఆ ఒక్క కథనే వంద రకాలుగా రాసుకున్నారన్నాడు. ఐదారు పుస్తకాలు నాకు ఇచ్చాడు. వారం రోజుల్లో అన్నీ చదివాను. ప్రతి దాంట్లోనూ చివరకు వచ్చినవాళ్లను కాల్చేస్తారు, లేదా యంత్రాన్ని పేల్చేస్తారు. వచ్చినవాడు అలాగే ఇంట్లో ఉండిపోతే ఆ ఇల్లాలు మర్నాడు ఏమి చేసిందో ఒక్క పుస్తకంలోనూ లేదు.

తర్వాతి శనివారం కుప్పం పోయాను. మునిరత్నానికి అరవై దగ్గరగా ఉంటాయి. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం గంభీరంగా ఉంది. కొట్టు నిండా గొట్టాల స్పీకర్లు. నేను వచ్చిన పని చెప్పగానే చేతిలో ఉన్న వైరు కింద పెట్టాడు. ఆ కథ తానే అల్లి చెప్పానని, సినిమాలో లేదని మా అమ్మకు ఒక్కసారి వచ్చి చెప్పమని బతిమాలాను. వస్తానన్నాడు కానీ, చెప్తే ఆమెకు మేలవుతుందో లేదో తనకు తెలియదన్నాడు.

మరుసటి ఆదివారం పదింటికి వచ్చాడు. నాయన వసారాలో కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. అమ్మ లోపల స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మునిరత్నం ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. అతను "అమ్మా" అనగానే ఆమె గొంతు గుర్తుపట్టింది. చూపు నేల మీదికి దించుకుంది.

"పుంగనూరు టెంటులో ఆ పొద్దు చెప్పింది నేనేనమ్మా" అన్నాడు మునిరత్నం. "సినిమాలో అది లేదు. నాకు ఇంగ్లీషు రాదు. రీలు లేకపోతే నోటికొచ్చింది చెప్పినా."

"నోటికి ఊరికే వస్తాదా అప్పా?" అంది అమ్మ.

మునిరత్నం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత అతను చెప్పింది నాకూ చెప్పని సంగతి. వాళ్ల నాయన బంగారు గనిలో పని చేసేవాడు. తాగి వచ్చి ఇంట్లో అందరినీ బాదేవాడు. మునిరత్నానికి పదేళ్లప్పుడు లోపల బండ విరిగి పడి, నాయన మూడు రోజులు భూమి అడుగున చీకట్లో ఉండిపోయాడు. నాలుగో రోజు బయటికి తీశారు. ఒంటి మీద దెబ్బ లేదు. ఇంటికి వచ్చినవాడు తాగలేదు, కొట్టలేదు, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం కలిపి పెట్టాడు. వాళ్లమ్మ మాత్రం ఆ రోజే చెప్పిందట, పైకి వచ్చింది వేరే మనిషని, తన మొగుడు ఇంకా ఆ బొక్కలోనే ఉన్నాడని. తెర మీద ఆ తెల్లామె తలుపు తీసి మొగుడి ముఖం చూసినప్పుడు తనకు వాళ్లమ్మ కనిపించిందని, మైకులో ఆ మాటలు తనంతట అవే వచ్చాయని మునిరత్నం చెప్పాడు.

అమ్మ అడిగింది.

"మీయమ్మ ఏం జేసె?"

"సంగటి పెట్టిందమ్మా. పదిహేడేండ్లు పెట్టింది. ఏమయ్యా అని ఒక్కపొద్దు గూడా పిలవలా."

"ఆయప్ప పోయినప్పుడు?"

"ఏడ్సింది. ఎవరికోసరం ఏడుస్తాండావమ్మా అని అడిగినా. ఇద్దరికోసరం అనె."

అమ్మ తల ఊపింది. ఆ మాట ఆమెకు వింతగా అనిపించినట్టు లేదు. అంతా అబద్ధమని చెప్పించడానికి పిలిపించిన మనిషి, అది నిజంగా ఒక ఇంట్లో జరిగిందని చెప్పి కూర్చున్నాడు.

అప్పుడు వసారాలో నుంచి నాయన గొంతు వినిపించింది. కాయలు వలిచే చప్పుడు ఎప్పుడు ఆగిందో మేము గమనించలేదు.

"మీ నాయనకు తెలుసునా అప్పా, మీయమ్మ అట్ల అనుకుంటా ఉండాదని?"

మునిరత్నం వెనక్కి తిరిగి చూశాడు. ఇద్దరూ ఒకరినొకరు సరిగ్గా చూసుకోవడం అదే మొదలు.

తెలుసునన్నాడు. టెంటులో ఆ సినిమా ఆడుతుండగా ఒక రోజు మధ్యాహ్నం ఆటకు వాళ్ల నాయన వచ్చాడట. ఊరు మారి ఊరు, ముందుగా చెప్పకుండా వచ్చి, నేల టికెట్టు తీసుకుని అందరికంటే ముందు ఇసుకలో కూర్చున్నాడు. తెర వెలుతురులో మునిరత్నానికి ఆయన ముఖం కనిపిస్తూనే ఉంది. కథ ఆ చోటికి వచ్చింది. ఆపితే జనం గోల చేస్తారు. ఆపకుండా చెప్పేశాడు. పోయినోడు వేరే, వచ్చినోడు వేరే అని. వాళ్ల నాయన చివరిదాకా విని, లేచి పంచెకు అంటిన ఇసుక దులుపుకుని వెళ్లిపోయాడు.

"ఇంటికి పోయినంక ఏమన్నాడు?" అని అడిగాడు నాయన.

"ఏమీ అనలా. నేనూ అడగలా. ఆమీట నాలుగేండ్లు బతికినాడు. నీకెట్ల ఉండాది, నీకేమనిపిస్తాది అని మా ఇంట్లో ఎవురమూ ఆయప్పను అడగలా."

మునిరత్నం భోజనానికి కూడా ఉండకుండా బస్సుకు వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు నాయన దగ్గర ఆగి, ఆయన రెండు చేతులూ పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున నేను బడికి పోలేదు. నాయన చేలో నారుకు నీళ్లు మళ్లిస్తుంటే వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. నాయనా, నీకేమనిపిస్తాది అని అడిగాను. పార పక్కన పెట్టి కాళ్లు కాలువలో కడుక్కున్నాడు.

"మీయమ్మ అనేది నాకు తప్పుగా అనిపించదు పాపా" అన్నాడు. "మీరంతా సెప్తాంటారు కదా, తట్టలు ఇసిరినాడు, పెండ్లాన్ని కొట్టినాడు, నిన్ను కొట్టినాడు అని. వాడెవరో నాకు తెలీదు. నా సేతులు సూసుకుంటా. ఇవే అంటారు. నమ్మేదానికి భయమయితాది. వాడు యాడికి పోయినాడో, ఎప్పుడొస్తాడో నాకూ తెలీదు."

ఆయన ఏడవలేదు. నేనే ఏడ్చాను. మూడు నెలలుగా ఆ ఇంట్లో అందరి కంటే ఎక్కువ భయపడుతున్నది ఆయనేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

నేను చెప్పానో, లేక ఆయనే చెప్పాడో గుర్తులేదు, ఆ సంగతి అమ్మకు తెలిసింది. వారం తర్వాత ఒక పొద్దున ఆమె సంగటి పెట్టి వెనక్కి పోకుండా ఆయన ఎదురుగా కూర్చుంది. ఆ పోయినవాడి గురించి చెప్పమని నాయనే అడిగాడు. అమ్మ మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో ఆయన ఏ మాటకు ఎలా మండిపడేవాడో, కోపం పోయాక గొర్రెల దొడ్లో ఒక్కడే కూర్చుని ఎలా గడ్డిపోచ నములుతూ ఉండేవాడో చెప్పింది. దెబ్బల సంగతులు కూడా దాచకుండా చెప్పింది. ఆయన పరాయివాడి తప్పులు వింటున్నట్టు తల వంచుకుని విన్నాడు. మాత్రలు ఆపేశాం. మోరీ దగ్గరికి ఆమె మళ్లీ పోలేదు. కానీ ఆయనను మొగుడని ఏనాడూ అనలేదు. రోజూ పనులన్నీ అయ్యాక ఇద్దరూ కూర్చుని, లేని మనిషి గురించి మాట్లాడుకునేవాళ్లు.

1999లో నాకు పుంగనూరు సంబంధం కుదిరింది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ మాటలు వినిపించేవి. ఊళ్లోవాళ్లకు అది మొగుడూ పెళ్లాల ముచ్చట లాగే ఉండేది.

2002లో వానలు లేక బోరు ఎండిపోయిన ఏడు ఒక మధ్యాహ్నం వెళ్లాను. ఇద్దరూ వసారాలో చింతపండు గింజలు తీస్తున్నారు. గట్టు తగాదాలో వాడు పక్క చేను మారప్పను పార తిప్పేసి ఎలా కొట్టాడో అమ్మ చెబుతోంది.

"మారప్ప కాదు. వాళ్లన్న" అన్నాడు నాయన, తల ఎత్తకుండా.

అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ తగాదా నాటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. చేలో ఉన్నది నాయన, అమ్మ, ఆ దెబ్బ తిన్న మనిషి, అంతే. దెబ్బ తిన్నాయన చనిపోయి పదేళ్లు దాటింది, ఆ సంగతి నాయనకు చెప్పగలిగినవాళ్లు వేరే ఎవరూ లేరు. అరవై దగ్గరపడిన నాయన ముఖంలోకి భయంగా చూశాను. ఆయన గింజ తీసి పక్కన వేశాడు, ఇంకోటి అందుకున్నాడు. తానేమన్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"అవును, వాళ్లన్నే" అంది అమ్మ చాలా నెమ్మదిగా. నీకెట్ల తెలుసునని అడగలేదు. చేట ఆయన వైపు కొంచెం జరిపి, ఆయన ముఖం చూస్తూ అలాగే కూర్చుంది.